బిగిసినంత మాత్రాన పొసగినట్లేనా?

“అది ఏ ఎం కెమెరాకైనా సరిపోతుందట మాస్టారూ. అందరూ అదే మాట అంటున్నారు.”

గత మాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో అన్న మాట ఇది. వాడు చేనేత కుటుంబంలో పుట్టినవాడు. ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు దినాల్లో గుంట మగ్గాల మీద కూర్చున్న వృద్ధుల ఛాయాచిత్రాలను పాత పద్ధతిలో ఫిల్ము మీద తీస్తున్నాడు. వాని వద్ద ఒక లైకా ఎం2 కెమెరా, ఒక 50 మి.మీ. లెన్సు ఉన్నాయి. మగ్గం గది ఎంత ఇరుకో చూసినవారికి తెలుసు. గోడకు వీపు ఆనించినా మగ్గం మొత్తం 50 లెన్సులో పట్టదు. అందుచేత 28, 35, 50 మూడూ ఒక్క గొట్టంలో ఇమిడిన ట్రై-ఎల్మార్‌ను వాడినది దొరికితే కొనాలని సంకల్పించి, రెండేళ్ళుగా డబ్బు కూడబెట్టాడు. లక్షల్లో మాట. కొనేముందు నన్నడిగాడు. ఛాయాగ్రహణంలో నేను గొప్పవాణ్ణని కాదు; అడ్డమైన ప్రశ్నలు వేస్తానని వానికి తెలుసు.

నేను వేసిన మొదటి ప్రశ్న ‘సరిపోతుంది’ అనే మాటకు వాళ్ళు చెప్పే అర్థం ఏమిటని.

తెలుగులో పట్టడం వేరు, బిగియడం వేరు, అమరడం వేరు, పొసగడం వేరు. చెప్పు కాలికి పట్టవచ్చు, నడకకు పొసగకపోవచ్చు. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, కెమెరాల దగ్గరకు వచ్చేసరికి అన్నింటినీ ‘సరిపోతుంది’ అనే ఒక్క మాటలో కుదించడం నాకు సహించదు. ఈ వ్యాసం ఆ మాట మీద నా ఫిర్యాదు. లెన్సు మీద కాదు. లెన్సు మీద నాకు గౌరవమే ఉంది. ఎందుకో తరువాత చెబుతాను.

పారిభాషిక పదాల విషయం ముందే తేల్చుకుందాం. మేము బడిలో చెప్పిన ‘కటకం’ అనే మాట చక్కనిదే కాని కెమెరా బాగుచేసేవాని బల్ల మీద అది వినిపించదు. కనుక లెన్సు అనే వ్రాస్తాను. నాభ్యంతరం మాత్రం వదలను. రేంజ్‌ఫైండర్‌కు ‘దూరమాపకం’ అని నేనొకటి కల్పించగలను గాని, దాన్ని నేను తప్ప మరొకరు వాడరు.

సాధారణంగా మనం చూసిన ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సులోంచి వచ్చిన వెలుగే అద్దం మీద పడి కంటికి చేరుతుంది. లెన్సు ఏది చూస్తే మనమూ అదే చూస్తాం. అందుకే నాభ్యంతరం మారే లెన్సులు ఆ కెమెరాలతో సుఖంగా కాపురం చేశాయి. 35 మి.మీ. నిశ్చల ఛాయాగ్రహణానికి వచ్చిన తొలి జూమ్ లెన్సు ఫోక్ట్‌లెండర్ జూమార్, 36 నుండి 82 మి.మీ. వరకు, 1959లో వచ్చింది. అది బెస్సామాటిక్ అనే ఎస్.ఎల్.ఆర్. కోసం వచ్చినది. రేంజ్‌ఫైండర్ కెమెరాకు ఈ సుఖం లేదు. అందులో కన్ను ఒక కిటికీలోంచి, లెన్సు వేరొక రంధ్రంలోంచి చూస్తాయి. ఒకరు చూసేది ఒకరికి తెలియదు. ఇద్దరి నడుమ కబురు మోసేవి రెండే రెండు లోహపు ముక్కలు.

మొదటిది దూరం కబురు. లెన్సు వెనుక భాగంలో ఒక వాలు అంచు ఉంటుంది. దాని మీద కెమెరా లోపలి చిన్న రోలరు ఆని ఉంటుంది. మనం లెన్సును తిప్పినప్పుడు ఆ అంచు రోలరును నెడుతుంది, కిటికీలో కనిపించే జంట బొమ్మలు ఒకటవుతాయి. ఇక్కడొక రహస్యం ఉంది. రోలరుకు ఒకే భాష తెలుసు. అది సుమారు 50 మి.మీ. లెన్సు భాష, కచ్చితంగా చెప్పాలంటే 51.6. మీటరు దూరంలోని వస్తువు స్పష్టంగా రావాలంటే 50 లెన్సు అనంతం నుండి సుమారు 2.6 మి.మీ. ముందుకు జరగాలి. 35 అయితే 1.3 మి.మీ. లోపే చాలు. 28కి 0.8 మాత్రమే. అయినా ప్రతి లెన్సూ తన కదలికను 50 లెన్సు కదలికగా అనువదించి రోలరుకు వినిపించాలి. ఆ అనువాదం చేసేదే ఆ వాలు అంచు. ఒక నాభ్యంతరానికి ఒక వాలు. మరి మూడు నాభ్యంతరాల లెన్సుకు? ఒక్క అంచుతోనే మూడు స్థితుల్లోనూ ఒకే మాట పలికించాలి. లోపలి గాజులు ఎటు జరిగినా, వెలుపల రోలరుకు వినిపించే మాట మారకూడదు. f/4 దగ్గర ఫిల్ము తలానికి ఇరువైపులా ఉండే వెసులుబాటు, మసక చుక్కను 0.03 మి.మీ. దాకా సహిస్తే, 0.12 మి.మీ. మాత్రమే. తలవెంట్రుక మందంతో పోల్చదగిన కొలత.

లైకావారు 1998లో దీన్ని సాధించారు. 28-35-50 ట్రై-ఎల్మార్, మూడింటా f/4. నాకు గౌరవం ఉందన్నది ఇందుకే. మన సాహిత్యంలో ద్వ్యర్థి కావ్యాలు కొన్ని ఉన్నాయి. పింగళి సూరన రాఘవపాండవీయం అందరికీ తెలిసినదే. త్ర్యర్థి వ్రాయడానికి మాత్రం ఎలకూచి బాలసరస్వతి వంటి సాహసి కావలసివచ్చింది. రెండు నుండి మూడుకు వెళ్ళడం ఒక్క మెట్టు కాదని శ్లేష పాఠం చెప్పినవారెవరికైనా తెలుసు. కొనికావారు 2002లో 21-35 లెన్సు తెచ్చి రెండు దగ్గరే ఆగారు. మూడు దగ్గర నిలిచినవారు వీరు. ఇది జూమ్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. అంకె నుండి అంకెకు ‘టక్కు’మని పడాలి, నడుమ నిలిపితే ఆ దూరపు లెక్కకు పూచీ లేదు. దాని దగ్గరి హద్దు మీటరు. మామూలు ఎం లెన్సులు చాలావరకు 0.7 మీటరుకు వస్తాయి. ఇరుకు గదిలో ఆ 30 సెంటీమీటర్లు చిన్న నష్టమేమీ కాదు. కాని అది నిజాయితీ గల నష్టం, గొట్టం మీదనే అంకె వ్రాసి ఉంది.

నా ఫిర్యాదు రెండో కబురు దగ్గర మొదలవుతుంది.

ఎం కెమెరా నోటిలోకి లెన్సు నాలుగు చెవులతో దిగి, కొద్దిగా తిరిగి బిగుస్తుంది. ఆ చెవుల్లో ఒకదాని పొడవు అన్ని లెన్సులకూ ఒకటి కాదు. అది కెమెరా లోపలి ఒక మీటను ఎంత నెడితే దానికి తగిన ఫ్రేము గీతలు కిటికీలో వెలుగుతాయి. నెట్టడంలో మూడే మూడు మెట్లు. 1954లో ఎం3 వచ్చినప్పుడు ఈ మూడు మెట్లకు మూడు అర్థాలు: 50, 90, 135. ఒక సంకేతానికి ఒక అర్థం. వ్యాకరణం శుద్ధంగా ఉంది. అంతకు ముందరి మర లెన్సులను కొత్త కెమెరాలకు తగిలించే ఒక మిల్లీమీటరు మందం గల వలయాలను కూడా 50కి వేరు, 90కి వేరు, 135కి వేరుగా చేశారంటే వారికి ఆనాడు మాట మీద ఎంత పట్టింపు ఉండేదో గమనించండి. మర కెమెరాలో లెన్సు ఆనే తలం నుండి ఫిల్ముకు దూరం 28.8 మి.మీ., ఎం కెమెరాలో 27.8. ఆ తేడా ఎంతో వలయం మందం అంతే. పాత లెన్సు కొత్త ఇంట్లో పరాయిదనిపించదు. దీనిని నేను పొసగడం అంటాను.

తరువాత 35 కావలసివచ్చింది. ఎం2లో 135 మెట్టును 35కి ఇచ్చారు. ఎం4లో 35, 135 రెండింటినీ ఒకే మెట్టున కూర్చోబెట్టారు. 1980ల ఆరంభంలో వచ్చిన ఎం4-పీలో 28ని 90 పక్కన, 75ని 50 పక్కన చేర్చారు. అప్పటి నుండి ప్రతి మెట్టుకూ రెండేసి అర్థాలు. కిటికీలో పెద్ద చతురస్రం, దాని లోపల చిన్న చతురస్రం రెండూ కనిపిస్తాయి. మీకు కావలసినది మీరే తీసుకోవాలి. ఇది శ్లేషే. శ్లేషను నేను తప్పుపట్టను. రెండర్థాలూ ఎదుట ఉన్నప్పుడు ప్రకరణాన్ని బట్టి పాఠకుడు నిర్ణయించుకుంటాడు. ఇప్పుడు పాత కెమెరాల సంగతి చూడండి. వాటికి శ్లేషలో ఒక్క అర్థమే తెలుసు. అదీ మనకు అక్కరలేని అర్థం.

ట్రై-ఎల్మార్ గొట్టం మీది వలయాన్ని తిప్పితే లోపలి యంత్రాంగం ఆ చెవి పనిని తానే చేస్తుంది. 50 దగ్గర 50-75 మెట్టుకు, 35 దగ్గర 35-135 మెట్టుకు, 28 దగ్గర 28-90 మెట్టుకు మీటను నెడుతుంది. ఎం6లో పెట్టితే సవ్యం. వాని ఎం2లో పెట్టితే? 50కి 50, 35కి 35 వస్తాయి. 28కి తిప్పగానే కిటికీలో 90 గీతలు వెలుగుతాయి, ఒంటరిగా, స్ఫుటంగా, ఏ సందేహమూ లేకుండా. ఎం3లో మరీ విపరీతం. అక్కడ 50 గీతలు ఎప్పుడూ ఉండనే ఉంటాయి. 28కి తిప్పితే వాటికి తోడు 90, 35కి తిప్పితే 135.

ఈ తేడా ఎంతో లెక్క కట్టి చూపాను వానికి. నేత పనివానికి నువ్వు రెండు మీటర్ల దూరంలో నిలబడ్డావనుకో. 28 దగ్గర ఫిల్ము మీద పడే దృశ్యం వెడల్పు సుమారు 2.57 మీటర్లు, ఎత్తు 1.71. 90 గీతలు చూపేది 80 సెంటీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు. కిటికీలో ముసలాయన ముఖమూ భుజాలూ నిండుగా ఉంటాయి. ఫిల్ము మీద మగ్గం, గోడ, గోడకు తగిలించిన సంచీ, గుమ్మంలో నిలబడి చూస్తున్న పిల్లలు అన్నీ ఉంటాయి. ముఖం వాటి నడుమ ఎక్కడో చిన్నదిగా. వైశాల్యంలో పది రెట్లకు మించిన భేదం. ఫిల్ము కడిగి వచ్చేదాకా ఈ సంగతి తెలియదు. ఆ లోపల ఆ రోజూ పోయింది, ఆ వెలుగూ పోయింది. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి మళ్ళీ అదే మగ్గం మీద కూర్చుంటాడన్న హామీ ఎవరిచ్చారు?

ఇక్కడ కెమెరా పెద్దలు నన్ను ఆపుతారు. వారి మొదటి సమాధానం: “ఎం2లో 28 గీతలు లేవని తెలిసినవాడు ఆ గీతలను ఎందుకు నమ్ముతాడు? అది వాడుకరి అజ్ఞానం.” ఆడలేక మద్దెల మీద నెపం పెట్టానన్నమాట. సరే, ఒప్పుకుంటాను, తెలిసినవాడు నమ్మడు. కాని ఆ గీతలు వెలగడానికి కారణం ఎవరు? వాడుకరి మీట నొక్కలేదు. లెన్సు తనంతట తాను మీటను నెట్టింది. కెమెరా తనంతట తాను జవాబిచ్చింది. యంత్రం అడగకుండానే చెప్పిన మాటను నమ్మకుండా ఉండడం నేర్చుకొమ్మనడం కంటె, తెలియనప్పుడు మాట్లాడకుండా ఉండడం యంత్రానికి నేర్పడం న్యాయం కాదా? తరగతిలో జవాబు రాని పిల్లవాడు మౌనంగా ఉంటే నేనెప్పుడూ కొట్టలేదు. రాని జవాబును గట్టిగా చెప్పినవాణ్ణే నిలబెట్టాను.

ఇందులో ఎం2ను నిందించలేం. అది 1950ల నాటిది, నలభై ఏళ్ళ తరువాత పుట్టబోయే లెన్సు సంగతి దానికెలా తెలుస్తుంది? పెద్దల మాటలో దోషం ఇక్కడే ఉంది. వాళ్ళు లెన్సును కెమెరాకు చూపించి ‘బిగిసింది’ అంటారు. ఆ బిగువు లోపల లెన్సు చెప్పేది కెమెరా వినేది ఒకటేనా అని అడగరు. బిగియడానికి చాలినంత సంధి కుదిరింది, అర్థం కుదరలేదు.

రెండో సమాధానం: “అది పాత కెమెరాల గొడవ. కొత్తవాటిలో అన్నీ ఉన్నాయి.” ఇది కూడా నిజం కాదు. ట్రై-ఎల్మార్ బజారుకు వచ్చిన ఆ రోజులలోనే ఎం6లో 0.85 రెట్ల కిటికీ గల రూపం కూడా వచ్చింది. దానిలో 28 గీతలు లేవు. కిటికీలో బొమ్మ పెద్దదైతే అంచులకు చోటు చాలదు, అది దృశ్యశాస్త్ర నియమం. దానికి నేను అభ్యంతరపెట్టను. కాని ఒకే ఇంటివారు ఒక చేత్తో 28 అడిగే లెన్సునూ, మరో చేత్తో 28 చూపలేని కెమెరానూ ఒకే కాలంలో అమ్మినప్పుడు, రెండూ ‘ఎం’ అనే ఒక్క అక్షరం కింద ఉన్నప్పుడు, ఆ అక్షరానికి విలువేమిటి? 2006లో ఎం8 వచ్చింది. దాని సెన్సారు ఫిల్ము కంటె చిన్నది, 1.33 రెట్ల తేడా. 28 లెన్సు చూపు 37 లెన్సు చూపంత అయింది. జంటలు కూడా మారాయి: 35 పక్కన 135ను తీసి 24ను కూర్చోబెట్టారు. 2009లో ఎం9 పూర్తి పరిమాణపు సెన్సారుతో రాగానే జంటలు మళ్ళీ పూర్వస్థితికి వచ్చాయి. 2012లో ప్రకటించిన తరువాతి ఎం కెమెరాలో, గీతలను చేత్తో మార్చి చూసుకునే మీటనే తీసేశారు. రెండేళ్ళకు ఎం-పీ రూపంలో తిరిగి పెట్టారు. నిఘంటువును ప్రతి ముద్రణలో మార్చి, పాత పద్యాలకు అర్థం అదే ఉంటుందని చెప్పినట్లుంది.

లైకా గుంపు వెలుపల చూస్తే ఈ ‘ఏ ఎం కెమెరాకైనా’ అనే మాట మరింత విచిత్రంగా ఉంటుంది. 1973 నాటి సీఎల్‌లో 40, 50, 90 గీతలున్నాయి. 28, 35 లేవు. మినోల్టా సీఎల్ఈలో 28, 40, 90. అంటే ట్రై-ఎల్మార్ మూడింట ఒక్కదానికే చోటు. కొనికా హెక్సార్ ఆర్ఎఫ్‌లో జంటలు ఎం6 జంటలే. ఆ కెమెరాలో లెన్సు తలం నుండి ఫిల్ముకు దూరం లైకాతో సమానమా కాదా అని మాత్రం కొన్నేళ్ళు పెద్ద వాదమే నడిచింది. కొందరు తేడా ఉందన్నారు, కొందరు కొలిచి లేదన్నారు. నేను ఆ వాదంలోకి దిగను. జైస్ ఇకాన్‌లో 28-85, 35, 50 ఉన్నాయి, మూడింటికీ చోటుంది.

వీటన్నిటిలో నాకు నచ్చినది అందరూ చులకనగా చూసిన బెస్సా. జపానులో కొసీనావారు చేసిన ఆ కెమెరాలో లెన్సు గీతలను మార్చదు. పైన ఒక చిన్న మీట ఉంటుంది. మీ గీతలు మీరే ఎంచుకోవాలి. 2006 నాటి ఆర్4 రకంలో 21, 25, 28, 35, 50 గీతలున్నాయి. దానికి ట్రై-ఎల్మార్ తగిలిస్తే మూడు నాభ్యంతరాలకూ గీతలు సిద్ధం. వలయం ఒకసారి తిప్పాలి, మీట ఒకసారి జరపాలి. రెండు పనులు. మరచిపోతే తప్పు మనదే, నిస్సందేహంగా మనదే. పెద్దలు దీనిని ‘చవక కెమెరా లోపం’ అన్నారు. నేను దీనిని మర్యాద అంటాను. తనకు తెలియని విషయంలో అది జోక్యం చేసుకోదు. 2015లో ఆ కెమెరాల ఉత్పత్తి ఆగిపోయింది.

అదే మర్యాద పూర్వం లైకావారికీ తెలుసు. ఎం3లో 35 గీతలు లేవు కదా. ఆ కెమెరా కోసం 35 లెన్సుకు కళ్ళజోడు తగిలించి అమ్మారు. ఆ లెన్సు చెవి 50 గీతలను పిలుస్తుంది, కళ్ళజోడు కిటికీ చూపును 35కి తగినట్లు విశాలం చేస్తుంది. 135 మి.మీ. f/2.8 లెన్సులో మరొక చమత్కారం: అది 90 గీతలను పిలుస్తుంది, కళ్ళజోడు బొమ్మను ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. 90ని ఒకటిన్నరతో గుణిస్తే 135. చూడటానికి వికారంగా ఉంటుంది, బరువు కూడా. కాని కిటికీలో కనిపించేది అబద్ధం కాదు. 2006లో వచ్చిన 16-18-21 ట్రై-ఎల్మార్ విషయంలో కూడా వారు నిజాయితీగానే ఉన్నారు. ఏ ఎం కెమెరా కిటికీలోనూ ఈ మూడింటికీ గీతలు లేవు. అందుకని పైన తగిలించే వేరొక పెద్ద దర్శినిని చేశారు, దాని మీద అంకె మనమే తిప్పుకోవాలి. డిజిటల్ కెమెరాలో ఏ నాభ్యంతరం వాడుతున్నామో పట్టికలో మనమే చెప్పాలి. విసుగు పుట్టించే పనే. విసుగుకు నేను భయపడను.

మూడో సమాధానం కొంచెం తెలివైనది. “అన్నీ చేతి పనులే అయితే అంత గొప్ప యంత్రాంగం ఎందుకు? అది సూక్ష్మ శిల్పం. దానిని గౌరవించాలి.” గౌరవిస్తాను. కాని ఆ శిల్పమే బలహీనత కూడా. మామూలు లెన్సు చెవి ఒక కదలని లోహపు ముక్క. అది కెమెరాలోని స్ప్రింగుతో ఒకసారి, తగిలించేటప్పుడు మాత్రమే పోరాడి, ఆ తరువాత అలాగే నిలుస్తుంది. దానిలో చెడిపోయేది ఏమీ లేదు. ట్రై-ఎల్మార్ చెవి వలయం తిరిగిన ప్రతిసారీ ఆ స్ప్రింగును జయించాలి, తిరిగి లొంగాలి. అక్కడ అరుగుదల వస్తే, జిడ్డు గట్టిపడితే, కెమెరా స్ప్రింగు కొంచెం బిరుసుదైతే, మీట నడిమధ్యన నిలిచిపోతుంది. వలయం 35 దగ్గర ఉంటుంది, గీతలు మరోచోట ఉంటాయి. ఈ రుగ్మత ఆ లెన్సు వాడినవారికి అపరిచితం కాదు. 2000లో రూపం మార్చారు, మునుపటి 55 మి.మీ. ఫిల్టరు 49 అయింది. 2007లో ఉత్పత్తి ముగిసింది. ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే, వయసు మీరినవే. ‘అద్దం శుభ్రంగా ఉంది, ఫంగస్ లేదు’ అని అమ్మేవాడు చెబుతాడు. మీట ఎలా నెడుతోందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు కూడా.

బిగియడానికీ పొసగడానికీ గల భేదం లైకా ఒక్కదాని కథే కాదు. 1932 నాటి కాంటాక్స్ నోటిని చూసి నికాన్‌వారు తమ రేంజ్‌ఫైండర్ కెమెరాకు అదే ఆకారం ఇచ్చారు. కాని లోపలి దూరపు లెక్కకు మూలమైన నాభ్యంతరాన్ని లైకా ప్రకారం తీసుకున్నారు. ఫలితంగా కాంటాక్స్ లెన్సు నికాన్‌కు నున్నగా బిగుస్తుంది, నికాన్ లెన్సు కాంటాక్స్‌కు బిగుస్తుంది. విశాల దృశ్యపు లెన్సులైతే తేడా కనిపించదు. పొడుగు లెన్సుతో, రంధ్రం పూర్తిగా తెరిచి, దగ్గరి మనిషి కన్ను మీద గురిపెడితే చెవి మీద పడుతుంది. దశాబ్దాలుగా తెలిసిన సంగతి ఇది. అయినా ‘సరిపోతుంది’ అన్నమాటతో ఇప్పటికీ అమ్మకాలు జరుగుతూనే ఉన్నాయి. దీనికి విరుద్ధంగా కాంటాక్స్ జీ2ను చూడండి. దానికి 35-70 జూమ్ ఉంది. లెన్సు నాభ్యంతరం మారినకొద్దీ కిటికీ కూడా తనంతట మారుతుంది. దాని అన్నగారైన జీ1కు ఆ లెన్సు పనికిరాదు. పనికిరాదు అంటే పనికిరాదు. కొనేవాడు బతికిపోయాడు.

ఇప్పుడు కొందరు 2025లో వచ్చిన లైకా ఎం ఈవీ1ను చూపుతున్నారు. అందులో రేంజ్‌ఫైండరే లేదు. లెన్సు చూసినదే తెర మీద కనిపిస్తుంది. ట్రై-ఎల్మార్ బాధలన్నీ అక్కడ ఒక్క దెబ్బతో తీరిపోతాయి, నిజమే. తలనొప్పికి తల తీయించుకున్న వైద్యం అని రేంజ్‌ఫైండర్ అభిమానులు అంటారు. నాకు ఆ పేచీ లేదు. నా విద్యార్థి వద్ద ఉన్నది ఎం2, వాడు తీసేది ఫిల్ము. ఆ కొత్త కెమెరా ధరలో వాడు ఇంటికి మరో గది వేసుకోగలడు.

వానికి నేను చెప్పినది ఇంతే. నీకు కావలసింది 28 అయితే, ఒక మామూలు 28 లెన్సు, పైన తగిలించే చిన్న 28 దర్శిని కొనుక్కో. కిటికీలో అప్పుడూ తప్పుడు గీతలే వస్తాయి గాని, నీ కన్ను ఆ కిటికీలో ఉండదు. దూరం సరిచూసుకోవడానికి మాత్రమే అక్కడికి వెళ్ళి, చిత్రం కూర్చుకోవడానికి పైకి వస్తుంది. లేదా 35తో సర్దుకో. రెండు మీటర్ల దూరంలో అది రెండు మీటర్ల వెడల్పు ఇస్తుంది, గుంట మగ్గం దాదాపు పడుతుంది, నీ ఎం2 దానికి నిజమైన గీతలు చూపుతుంది. అప్పటికీ మూడూ ఒక్క గొట్టంలోనే కావాలంటే కొనుక్కో, నేను అడ్డుపడను. కాని అమ్మేవాని కెమెరా మీద పరీక్షించవద్దు. నీ ఎం2ను తీసుకువెళ్ళు. లెన్సు తగిలించి, వలయాన్ని నెమ్మదిగా ఈ కొస నుండి ఆ కొసకు, ఆ కొస నుండి ఈ కొసకు మూడుసార్లు తిప్పు. ప్రతి అంకె దగ్గరా కన్ను కిటికీలో పెట్టి ఏ గీతలు వచ్చాయో కాగితం మీద వ్రాసుకో. 28 దగ్గర ఏమొచ్చిందో అమ్మేవానికి చూపి, ఇది సరిపోవడమేనా అని అడుగు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “90 వచ్చిందంటే లెన్సు బాగున్నట్లేనా మాస్టారూ?” అన్నాడు.

అవును నాయనా, ఎం2 మీద లెన్సు బాగుంటేనే తప్పు గీతలు వస్తాయి, అన్నాను. వచ్చే ఆదివారం కెమెరాను సంచిలో పెట్టుకుని వెళ్తానన్నాడు.